ఒక చక్రం తారు మీద, ఒక చక్రం బురదలో: రోజూ తిరిగే బండికి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కావాలా?

వానాకాలం సాయంత్రం. ఊళ్లోకి పోయే సింగిల్ రోడ్డు. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తోంది. దారి ఇవ్వడానికి ఎడమవైపు చక్రాలను తారు దించి బెర్ము మీదికి పోనిచ్చారు. బస్సు వెళ్లిపోయింది. ఇప్పుడు బండి మళ్లీ రోడ్డెక్కడం లేదు. వెనక ఎడమ చక్రం బురదలో గిరగిరా తిరుగుతోంది. కుడి చక్రం గట్టి తారు మీదే ఉంది, కానీ అది కదలడం లేదు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఎడమ చక్రం తన కింద తానే గుంత తవ్వుకుంటోంది.

బొలెరో, స్కార్పియో, ఈకో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లు వాడేవాళ్లకు ఇది కొత్త అనుభవం కాదు. ఇలా ఒకసారి దిగబడ్డాక, తర్వాతి బండి కొనేటప్పుడు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అనే మాట చెవిన పడగానే ఆశ పుడుతుంది. ఇరుసు మధ్యలో ఉండి ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె డిఫరెన్షియల్. ఒక చక్రం ఊరికే జారిపోకుండా అదుపు చేసి, పట్టున్న చక్రానికి ఎక్కువ బలం పంపే రకమే ఇది. వాడుకలో దాన్ని ఎల్‌ఎస్‌డీ అంటారు. ఆ ఆశలో కొంత న్యాయం ఉంది. పైన చెప్పిన బెర్ము లాంటి చోట అది నిజంగా బండిని బయటికి లాగుతుంది. కానీ రోజూ ఆఫీసుకూ స్కూలుకూ మార్కెట్‌కూ తిరిగే బండికి అది కావాలా వద్దా అనేది, ఎల్‌ఎస్‌డీ మంచిదా కాదా అనే ప్రశ్నతో తేలదు. మన బండికి ఏ చక్రాలు బలం ఇస్తున్నాయి, అవి ఎలాంటి నేల మీద పట్టు పోగొట్టుకుంటున్నాయి, ఆ క్షణంలో బండి ఎంత వేగంలో ఉంది అన్న సంగతులు చూస్తేనే తేలుతుంది.

ఇక్కడే చాలామందికి పని సులువైపోతుంది. స్విఫ్ట్, ఐ20, నెక్సాన్, క్రెటా, ఇన్నోవా హైక్రాస్ ఇవన్నీ ముందు చక్రాలతో నడిచే బండ్లు. వాటి వెనక ఇరుసుకు ఇంజిన్ నుంచి బలమే రాదు, అక్కడ డిఫరెన్షియల్ అన్నదే ఉండదు. మన రోడ్ల మీది కార్లలో ఎక్కువ శాతం ఈ రకమే కాబట్టి, వాళ్లకు వెనక ఎల్‌ఎస్‌డీ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఇక మిగిలింది వెనక చక్రాల బండ్లు, ఫోర్ బై ఫోర్ బండ్లు, పికప్‌లు.

రెండు చక్రాలకు రెండు వేగాలు

అసలు డిఫరెన్షియల్ ఎందుకొచ్చిందో తెలిస్తే, దాన్ని అదుపు చేయడం ఎందుకంత చిక్కైన పనో అర్థమవుతుంది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోతాయి. రెండు వెనక చక్రాల మధ్య ఎడం 1.5 మీటర్లు అనుకుంటే, 90 డిగ్రీల మలుపులో బయటి చక్రం దాదాపు 2.36 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. మలుపును ఎంత వెడల్పుగా తీసుకున్నా, ఎంత ఇరుగ్గా తీసుకున్నా ఈ తేడా మారదు. యూటర్న్ అయితే అది 4.7 మీటర్లు. సాధారణ ఎస్‌యూవీ టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతుంది. అంటే ఒక్క యూటర్న్‌లో బయటి చక్రం లోపలి దానికన్నా రెండు చుట్లు అదనంగా తిరగాలి. రెంటినీ ఒకే ఇరుసుకు గట్టిగా బిగించేస్తే ఆ రెండు చుట్ల తేడా అంతా టైర్లు రోడ్డు మీద రాసుకుపోతూ తీర్చుకోవాలి.

ఎద్దుబండికి ఈ బాధ లేదు. దాని ఇరుసు తిరగదు, చక్రాలే దాని మీద విడివిడిగా తిరుగుతాయి. ఇంజిన్ వచ్చి ఇరుసునే తిప్పాల్సి వచ్చాక చిక్కు మొదలైంది. ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెక్కర్ 1828లో ఆవిరి బండి కోసం పేటెంటు తీసుకున్న గేర్ల అమరికే నేటి డిఫరెన్షియల్‌కు మూలం. ఇంజిన్ తిప్పే పెద్ద గేరు, అంటే క్రౌన్ వీల్, తిరుగుతుంటుంది, దాని లోపల ఉన్న చిన్న గేర్లు ఒక చక్రాన్ని వేగంగా, ఇంకో చక్రాన్ని నెమ్మదిగా పోనిస్తాయి. దీన్నే ఓపెన్ డిఫరెన్షియల్ అంటారు.

బలం అంతా జారే చక్రానికే పోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఓపెన్ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది. సమస్యంతా ఆ సమానత్వంలోనే ఉంది. బురదలో ఉన్న చక్రం ఎంత టార్క్ తట్టుకోగలదో, తారు మీది చక్రానికి కూడా సరిగ్గా అంతే అందుతుంది, అంతకు మించి అందదు. తక్కువ పట్టున్న చక్రమే రెంటికీ హద్దు గీస్తుంది.

లెక్క చేసి చూస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది. బండి బరువు మనుషులతో కలిపి 1,800 కిలోలు, వెనక ఒక్కో చక్రం మీద 450 కిలోలు, టైరు వ్యాసార్ధం 0.35 మీటర్లు అనుకుందాం. పొడి తారు మీద ఘర్షణ గుణకం 0.8, జారుడు బురదలో 0.12 అని తీసుకుందాం. అప్పుడు తారు మీది చక్రం సుమారు 1,235 న్యూటన్ మీటర్ల టార్క్ వరకు పట్టు నిలుపుకోగలదు. బురదలోది 185 దాటితే జారిపోతుంది. బండి 5 డిగ్రీల వాలు ఎక్కాలంటే రెండు చక్రాలకూ కలిపి 540 న్యూటన్ మీటర్లు కావాలి. ఓపెన్ డిఫరెన్షియల్ ఇవ్వగలిగింది 185కు రెండింతలు, అంటే 370. బండి కదలదు. ఇంజిన్‌లో బలానికి లోటు లేదు, మొదటి గేరులో అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. ఆ బలాన్ని నేలకు దించే దారే లేదు.

అదే చోట ఒక మంచి ఎల్‌ఎస్‌డీ ఉంటే, పట్టున్న చక్రానికి జారే చక్రం కన్నా రెండున్నర రెట్లు టార్క్ పంపగలదని అనుకుందాం. 185కు 462 కలిస్తే 647. బండి గట్టెక్కుతుంది. వాలు 10 డిగ్రీలైతే మాత్రం 1,070 పైచిలుకు కావాలి. అప్పుడు ఆ ఎల్‌ఎస్‌డీ కూడా చాలదు. రెండు చక్రాలూ ఒక్కటిగా తిరిగేలా ఇరుసును పూర్తిగా లాక్ చేస్తేనే 185కు 1,235 కలిసి 1,420 అయ్యి బండి ఎక్కుతుంది. ఎల్‌ఎస్‌డీకీ పూర్తి లాక్‌కూ తేడా ఏమిటన్న ప్రశ్నకు ఈ మూడు అంకెల కన్నా సూటిగా జవాబు చెప్పేది లేదు.

ట్రాక్టర్ నడిపినవాళ్లకు ఇది ముందే తెలుసు

వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టర్‌కు సీటు దగ్గర కింద ఒక పెడల్ ఉంటుంది. ఒక పెద్ద చక్రం బురదలో ఊరికే తిరగడం మొదలుపెడితే డ్రైవర్ ఆ పెడల్ తొక్కుతాడు. రెండు వెనక చక్రాలూ ఒక్కటిగా బిగుసుకుంటాయి, ట్రాక్టర్ ముందుకు పాకుతుంది. గట్టు దగ్గర మళ్లించే ముందు మాత్రం దాన్ని వదలాలి, లేకపోతే స్టీరింగ్ తిప్పినా ట్రాక్టర్ తిన్నగానే పోతుంది. డిఫరెన్షియల్ లాక్ సంగతి అంతా ఇందులోనే ఉంది. ఎంత మేలు చేస్తుందో అంతగా మలుపును అడ్డుకుంటుంది.

ట్రాక్టర్‌లో ఇంకో ఉపాయం కూడా ఉంది. దాని వెనక చక్రాలకు కుడి బ్రేకు వేరు, ఎడమ బ్రేకు వేరు. జారుతున్న చక్రం వైపు బ్రేకు ఒక్కటే నొక్కితే, ఆ చక్రానికి తిరగడం కష్టమవుతుంది. సమానంగా పంచే డిఫరెన్షియల్ అదే కష్టానికి సరిపడా టార్క్‌ను అవతలి చక్రానికీ పంపాల్సి వస్తుంది. బ్రేకు వేసి బలం పుట్టించడం వినడానికి వింతగా ఉన్నా, పొలంలో ఇది రోజూ జరిగే పనే.

ఇవాళ కొత్త కార్లలో ట్రాక్షన్ కంట్రోల్ చేసేది సరిగ్గా ఈ రెండో ఉపాయమే. చక్రాల దగ్గరి సెన్సర్లు ఏది జారుతోందో పసిగడతాయి, కంప్యూటర్ ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. మారుతీ జిమ్నీలో దీన్ని బ్రేక్ ఎల్‌ఎస్‌డీ అంటారు. మహీంద్రా థార్ విషయంలో బ్రేక్ లాకింగ్ డిఫరెన్షియల్ అన్న మాట వినబడుతుంది. అమెరికాలో టొయోటా టకోమా, టండ్రా పికప్‌లలో ఆటో ఎల్‌ఎస్‌డీ అని రాసి ఉన్నదీ ఇదే పద్ధతి. పేరులో ఎల్‌ఎస్‌డీ ఉంది కాబట్టి ఇరుసు లోపల ఏదో ప్రత్యేకమైన సామాను ఉందని కొనేవాళ్లు అనుకుంటారు. లోపల ఉన్నది మామూలు ఓపెన్ డిఫరెన్షియలే, పని చేస్తున్నది బ్రేకులు. ఇది మోసమేమీ కాదు, ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. కానీ పేరు ఒకటై వస్తువు వేరైనప్పుడు, ఏది ఉందో ముందే అడిగి తెలుసుకోవడం కొనేవాళ్ల హక్కు.

బ్రేకుతో చేసే పద్ధతికి రెండు పరిమితులున్నాయి. చక్రం జారడం మొదలయ్యాకే అది మేలుకుంటుంది. పైగా జారే చక్రం వైపు వెళ్లే శక్తిలో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారిపోతుంది. బెర్ము మీంచి రోడ్డెక్కడానికి పట్టే పది సెకన్లలో ఇది లెక్కలోకి రాదు. కిలోమీటర్ల కొద్దీ బురద ఘాట్‌లో వాడితే బ్రేకులు వేడెక్కుతాయి, అవి చల్లబడేదాకా కొన్ని బండ్లు ఆ సహాయాన్ని తాత్కాలికంగా ఆపేస్తాయి.

లోపల ఏముంటుంది

ఎల్‌ఎస్‌డీ పుట్టింది పందెం కార్ల కోసం. 1930ల్లో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఆటో యూనియన్ గ్రాండ్ ప్రి కార్లలో ఇంజిన్ బలం ఎంత ఎక్కువంటే, మలుపుల్లో లోపలి చక్రం నేల మీద నిలవకుండా తిరిగిపోయేది. దానికి విరుగుడు జర్మనీకే చెందిన జెడ్‌ఎఫ్ సంస్థ తయారుచేసింది. అంటే ఈ వస్తువు మొదటి ఉద్దేశం బురద కాదు, వేగం. ఈ సంగతి గుర్తుంచుకుంటే దాని రకాల మధ్య తేడా తేలిగ్గా పట్టుబడుతుంది.

పాతది, ఎక్కువగా వాడుకలో ఉన్నది ప్లేట్ల రకం. డిఫరెన్షియల్ లోపల రెండు వైపులా క్లచ్ ప్లేట్ల దొంతరలుంటాయి. వాటిని స్ప్రింగులు కొంత నొక్కి ఉంచుతాయి, టార్క్ పెరిగేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేచినా స్ప్రింగుల బిగువు వల్ల రెండో చక్రానికి కొంత బలం అందుతుంది. దీని చెడ్డ గుణం కూడా ఆ బిగువులోనే ఉంది. ప్రతి యూటర్న్‌లో, సెల్లార్ పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెనక్కి తీసే ప్రతిసారీ ఆ ప్లేట్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ప్లేట్లు అరుగుతాయి, నూనె పాతబడుతుంది, వెనక నుంచి గరగరమని చప్పుడూ కుదుపూ వస్తాయి. రోజుకు పదిసార్లు సెల్లార్‌లో మలిచి పెట్టే బండికి ఇది చిన్న విషయం కాదు.

గేర్ల రకం ఇంకొకటి. టోర్సెన్ అన్న పేరు ఎక్కువగా వినబడేది ఇందులోనే. మెలి తిరిగిన పళ్లున్న గేర్లు ఒకదానితో ఒకటి, డిఫరెన్షియల్ గోడలతో రాసుకునే ఘర్షణే ఇక్కడ పని చేస్తుంది. పని నెమ్మదిగా, మెత్తగా ఉంటుంది, ప్లేట్లు అరిగే బాధ లేదు. తారు రోడ్డు మీద వేగంగా పోయే బండికి ఇంతకన్నా హాయైనది లేదనే చెప్పాలి. టొయోటా జీఆర్86 లాంటి స్పోర్ట్స్ కారులో ఉండేది ఇదే. కానీ ఇది గుణకారం మాత్రమే చేయగలదు. జారే చక్రానికి ఉన్న టార్క్‌ను రెండున్నర రెట్లు చేసి అవతలికి పంపుతుంది. చక్రం గాల్లో ఉంటే దాని టార్క్ సున్నా, సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. అలాంటప్పుడు బ్రేకు కొద్దిగా తొక్కి పట్టి యాక్సిలరేటర్ ఇస్తే, గాల్లో చక్రానికి బ్రేకు రూపంలో కొంత భారం దొరుకుతుంది, గుణకారానికి ఒక అంకె దొరుకుతుంది, బండి కదిలే అవకాశం ఉంటుంది. ఈ చిట్కా ఓపెన్ డిఫరెన్షియల్‌కు పెద్దగా పనికిరాదు. బ్రేకు రెండు చక్రాలనూ సమానంగా పట్టుకుంటుంది, ఒక పక్క వచ్చింది ఇంకో పక్క పోతుంది.

చిక్కటి సిలికాన్ ద్రవంతో పనిచేసే విస్కస్ రకం కూడా ఉంది. కొత్త బండ్లలో అది తగ్గిపోయింది, పాత బండి కొనేవాళ్లు మాత్రం కాలంతో అది బలహీనపడుతుందని తెలుసుకుంటే చాలు.

మన దగ్గర వెనక చక్రాల బండి కొనేవాళ్లకు నిజంగా ఎదురయ్యేది వీటన్నింటికన్నా వేరైన వస్తువు. 2021లో వచ్చిన మహీంద్రా బొలెరో నియోకు ఫోర్ బై ఫోర్ లేదు. కానీ ఎన్10 ఆప్షనల్ వేరియంట్‌లో వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చారు. కంపెనీ దానికి మల్టీ టెరైన్ టెక్నాలజీ అని పేరు పెట్టింది. 2020 థార్‌లో కూడా కొన్ని వేరియంట్లకు ఇలాంటిదే వచ్చింది. అమెరికాలో జనరల్ మోటార్స్ పికప్‌లలో ఈటన్ సంస్థ చేసిన ఈ రకం దశాబ్దాలుగా ఉంది, అక్కడ దాన్ని జీ80 అంటారు.

దీని తీరు చూడముచ్చటగా ఉంటుంది. మామూలు సమయంలో ఇది దాదాపు ఓపెన్ డిఫరెన్షియల్ లాగే ఉంటుంది. రెండు చక్రాల మధ్య వేగం తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటితే, లోపలి చిన్న బరువులు విసురుకు బయటికి తెరుచుకుని ఒక కొక్కేన్ని పట్టుకుంటాయి. వెంటనే ప్లేట్లు బిగుసుకుని ఇరుసు పూర్తిగా లాక్ అవుతుంది. బండి వేగం గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటాక అది లాక్ కాకుండా ఇంకో బరువు అడ్డుపడుతుంది. డ్రైవర్ నొక్కాల్సిన బటన్ లేదు, వైరు లేదు.

మలుపుల్లో ఇది పొరపాటున లాక్ అవుతుందేమోనన్న భయం అక్కర్లేదు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో 5 మీటర్ల వ్యాసార్ధంలో యూటర్న్ తీసుకుంటే రెండు వెనక చక్రాల మధ్య తేడా నిమిషానికి దాదాపు 23 చుట్లే. 100కు అది చాలా దూరం. రోజువారీ వాడకానికి ఈ రకం ఎందుకు సరిపోతుందంటే కారణం ఇదే. తొంభై తొమ్మిది రోజులు నిద్రపోతుంది, నూరో రోజు బెర్ము మీద లేస్తుంది.

అయితే దీన్ని వాడటం తెలియాలి. చక్రం జారగానే భయపడి యాక్సిలరేటర్ వదిలేసేవాళ్లకు ఇది ఎప్పటికీ లాక్ కాదు. ఆ 100 చుట్ల తేడా రావాలంటే ఒక చక్రం ఇంకోదానికన్నా గంటకు 13 కిలోమీటర్లు వేగంగా తిరగాలి. కాబట్టి జారినా సరే కొద్దిగా, నిలకడగా యాక్సిలరేటర్ పెంచుతూ పోవాలి. టక్కుమని చప్పుడు వినిపిస్తుంది, బండి కదులుతుంది. ఆ చప్పుడుకు కంగారుపడి సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తాల్సిన పని లేదు. అలాగని ఒక్కసారిగా బలంగా తొక్కితే ఇరుసుకు గట్టి దెబ్బ తగులుతుంది.

ఫోర్స్ గుర్ఖాలో ముందూ వెనకా రెండు ఇరుసులకూ డ్రైవరే వేసుకునే లాక్‌లున్నాయి. అడవి దారుల్లో దానికి తిరుగులేదు. కానీ అది ట్రాక్టర్ పెడల్ లాంటిదే, తారు మీద వేసుకుని మలుపు తిప్పకూడదు. ఆఫీసుకు వెళ్లే దారిలో దాని ఊసే రాదు.

తడి మలుపులో ఏమవుతుంది

ఎల్‌ఎస్‌డీ గురించి అమ్మేవాళ్లు తక్కువగా చెప్పే విషయం ఒకటుంది, అది ప్రాణాలకు సంబంధించినది. వానలో ఘాట్ రోడ్డు మలుపులో వెనక చక్రాల బండి పోతోంది. డ్రైవర్ యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తొక్కాడు. ఓపెన్ డిఫరెన్షియల్ ఉంటే బరువు తక్కువగా ఉన్న లోపలి చక్రం ముందు జారుతుంది. బయటి చక్రానికి అందే టార్క్ దాంతో అక్కడికే ఆగిపోతుంది, అది రోడ్డును పట్టుకునే ఉంటుంది. బండి లాగడం తగ్గుతుంది, కానీ వెనక భాగం పక్కకు తోసుకుపోదు. ఇది ఒకరకంగా ఇంట్లో ఫ్యూజ్ లాంటిది.

ఎల్‌ఎస్‌డీ ఉంటే రెండు చక్రాలూ కలిసి పనిచేస్తాయి. అందుకే పట్టు హద్దు ఎక్కువ. కానీ ఆ హద్దు దాటితే రెండూ కలిసే జారతాయి, వెనక భాగం ఒక్కసారిగా పక్కకు వస్తుంది. పందెం డ్రైవర్ దాన్ని ముందే ఊహించి స్టీరింగ్‌తో సరిచేస్తాడు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని అరకు నుంచి దిగుతున్న మనిషికి ఆ అలవాటు ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కాబట్టి ప్లేట్ల రకమో గేర్ల రకమో ఎల్‌ఎస్‌డీ ఉన్న వెనక చక్రాల బండికి స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి పక్కకు జారబోతే చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి సరిచేసే ఏర్పాటు, తప్పకుండా ఉండి తీరాలి. రెంటిలో ఒక్కటే దొరికే పరిస్థితి ఉంటే కుటుంబం బండికి స్టెబిలిటీ కంట్రోలే ముందు. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. బొలెరో నియో లాంటి వాటిలో లాక్ ఈ విషయంలో కాస్త మేలు, 32 కిలోమీటర్లు దాటాక అది కొత్తగా లాక్ కాదు కాబట్టి.

ఎల్‌ఎస్‌డీ బ్రేకు వేసినప్పుడు బండిని త్వరగా ఆపదు. నిలిచిన నీళ్ల మీద టైరు తేలిపోతే ఏమీ చేయలేదు. రెండు చక్రాలకూ పట్టు లేకపోతే రెంటినీ కలిపి తిప్పినా రెండూ జారతాయి. కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ నల్లరేగడి తడిసినప్పుడు జరిగేది ఇదే. మట్టి రెండు టైర్ల గాళ్లలో నిండి టైర్లు నున్నటి గుండ్లయిపోతాయి. అక్కడ కావాల్సింది ముందు చక్రాల సాయం, లోతైన గాళ్లున్న టైర్లు, అన్నిటికన్నా ముందు వాన వెలిసి నేల ఆరేదాకా ఆగే ఓపిక. ఎల్‌ఎస్‌డీ ఒక పక్క పట్టు ఉండి ఇంకో పక్క లేనిచోటే పనికొస్తుంది. బెర్ము, పాచి పట్టిన ర్యాంపు, ఒక పక్క గుంత ఉన్న కాలువ గట్టు, మలుపు తిరుగుతూ ఎక్కే సెల్లార్ దారిలో ఒక వెనక చక్రం తేలిపోవడం, ఇలాంటివి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు మంచు విషయంలో ఇదే లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మిన్నియాపోలిస్‌లోనో టొరంటోలోనో ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఒక చక్రం మంచు గడ్డ మీద, ఇంకోటి ఊడ్చిన కాంక్రీటు మీద ఉంటే ఎల్‌ఎస్‌డీ బండిని బయటికి తెస్తుంది. రోడ్డంతా మంచే అయినప్పుడు, ముఖ్యంగా మస్టాంగ్ జీటీ లాంటి బలమైన వెనక చక్రాల కారులో, అదే ఎల్‌ఎస్‌డీ వెనక భాగాన్ని సులువుగా తిప్పేస్తుంది. చలికాలపు టైర్లు బండి కదలడానికీ, తిరగడానికీ, ఆగడానికీ మూడింటికీ పనికొస్తాయి. క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వాటిని చట్టమే తప్పనిసరి చేసింది. ఎల్‌ఎస్‌డీని ఏ ప్రభుత్వమూ తప్పనిసరి చేయలేదు.

నూనె, స్టెప్నీ, జాకీ

ప్లేట్ల రకం ఉన్న ఇరుసులో మామూలు నైంటీ గేర్ ఆయిల్ పోస్తే ప్లేట్లు పట్టుకుని వదలడం మొదలుపెడతాయి. మలుపుల్లో వెనక నుంచి అదిరినట్టు ఉంటుంది. దానికి ఘర్షణను సరిచేసే మందు కలిసిన ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. డబ్బా మీద లిమిటెడ్ స్లిప్‌కు పనికొస్తుందని రాసి ఉంటుంది. చిన్న గ్యారేజీలో సర్వీస్ చేయించేవాళ్లు ఈ మాట ముందే మెకానిక్‌కు చెప్పాలి. బండి మాన్యువల్‌లో ఏ ఆయిల్ రాశారో ఆ పేజీ చూపిస్తే ఇంకా మంచిది.

వెనక రెండు టైర్లు ఒకే సైజులో, ఒకే మేరకు అరిగి ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి బోడి అయితే తిన్నగా పోతున్నప్పుడు కూడా రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరుగుతాయి, ప్లేట్లు విరామం లేకుండా రాసుకుంటాయి. ఇప్పుడు చాలా బండ్లకు అసలు టైర్ల కన్నా చిన్న స్టెప్నీ ఇస్తున్నారు. అలాంటి బండికి ఎల్‌ఎస్‌డీ ఉండి, వెనక టైరు పంక్చరైతే, ముందు టైరు ఒకటి తీసి వెనకకు వేసి, స్టెప్నీని ముందుకు వేయడం పద్ధతి. రోడ్డు పక్కన రెండుసార్లు జాకీ పెట్టాల్సి రావడం కష్టమే, కానీ డిఫరెన్షియల్ మార్పించే ఖర్చు ముందు అది చిన్నది.

జాకీ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న బండిని ఒక వెనక చక్రం మాత్రమే లేపి, ఇంజిన్ స్టార్ట్ చేసి గేరు వేస్తే లేచిన చక్రం గాల్లో తిరుగుతుంది. చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో చూడటానికి కొందరు మెకానిక్‌లు ఇలా చేస్తుంటారు. ఎల్‌ఎస్‌డీ బండికి ఇదే చేస్తే నేల మీది చక్రం కూడా తిరిగి బండి జాకీ మీంచి ముందుకు దూకుతుంది. కింద మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఎల్‌ఎస్‌డీ ఉన్న బండి అని మెకానిక్‌కు మొదటే చెప్పడం అందుకే అవసరం.

ఉన్న బండికి బయట కొని ఎల్‌ఎస్‌డీ బిగించుకోవచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. బిగించవచ్చు. కానీ హౌసింగ్ విప్పి, క్రౌన్ వీల్, దాన్ని తిప్పే చిన్న పినియన్ గేరు పళ్లు సరిగ్గా ఒకదాన్నొకటి ఆనేలా మళ్లీ సర్దడం సున్నితమైన పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా వేగం పెరిగేకొద్దీ వెనక నుంచి ఊళలాంటి శబ్దం మొదలవుతుంది. వారంటీ పోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండైతే దాని లెక్కలకు ఇది కుదరకపోవచ్చు. సిటీలో తిరిగే బండికి ఇంత శ్రమ పడటంలో అర్థం లేదు. ఆ డబ్బును నాలుగు మంచి టైర్లకు పెట్టడం మేలు, అవి 365 రోజులూ పనిచేస్తాయి.

అయితే ఎవరికి కావాలి? పొలానికో చెరువు గట్టుకో క్వారీకో వారంలో నాలుగు రోజులు తారు దిగి పోయేవాళ్లకు, ఫోర్ బై ఫోర్‌కు డబ్బు పెట్టలేనివాళ్లకు, వెనక చక్రాల బండిలో మెకానికల్ లాక్ నిజంగా విలువైనది. వేరియంట్ తేడా ధర ఎక్కువనిపించినా తీసుకోవచ్చు. ఖాళీగా తిరిగొచ్చే పికప్‌లకు కూడా అంతే. లోడు దించేశాక వెనక బరువుండదు, చిన్న తడికే చక్రం తిరుగుతుంది, ఇసుక బస్తాలు వేసుకుని తిరిగే డ్రైవర్లకు ఈ సంగతి బాగా తెలుసు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తిరుగుతూ ఏడాదికి రెండుసార్లు సొంతూరు వెళ్లేవాళ్లకు బ్రేకుతో పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్ సరిపోతుంది. అది కూడా లేని పాత బండి ఉన్నవాళ్లు దాని కోసం బండి మార్చాల్సిన పని లేదు.

అలాంటి పాత బండి బెర్ములో దిగబడితే ముందు యాక్సిలరేటర్ వదలాలి, గుంత లోతు పెరగకుండా. స్టీరింగ్ తిన్నగా పెట్టి, వచ్చిన గాళ్లలోనే రివర్స్‌లో నెమ్మదిగా తీసి చూడాలి. రాకపోతే బురదలో ఉన్న చక్రం కింద గోనె సంచి, ఇటుక ముక్కలు, కంప ఏది దొరికితే అది వేయాలి. తారు మీది చక్రం కింద కాదు, బురదలో చక్రం కిందే. లోపల మనుషులుంటే ఆ పక్క వెనక సీటులోకి జరిగి కూర్చోవాలి, బంపర్ మీద ఎక్కి నిలబడకూడదు. 450 కిలోలు మోస్తున్న చక్రం మీద 70 కిలోల మనిషి బరువు పూర్తిగా పడితే దాని పట్టు 15 శాతం పెరుగుతుంది. ఓపెన్ డిఫరెన్షియల్ రెండు పక్కలా సమానంగా పంచుతుంది కాబట్టి బురదలో చక్రానికి పెరిగినంతే తారు మీది చక్రానికీ పెరుగుతుంది.